సున్నపుబట్టీ దగ్గర బావురుపిల్లి

తాళ్ళరేవు,
అక్టోబరు 28.

పెదనాన్నగారికి, పెద్దమ్మకి నమస్కారాలు.

మీ చెవులు ఫోనుకి పూర్తిగా సెలవు పెట్టేశాయని పెద్దమ్మ చెప్పింది. ఒకందుకు మంచిదే అయింది. ఈ కబురు ఫోనులో చెప్పాల్సి వస్తే నేను నసిగేదాన్ని, మీరు సగంలోనే కోప్పడి పెట్టేసేవారు. ఉత్తరమైతే కోపం వచ్చినా పక్కన పెట్టి మళ్ళీ తీసుకుని చదవొచ్చు.

పెదనాన్నగారూ, నేను బ్యాంకు ఉద్యోగం మానేశాను.

కాసిని మంచినీళ్ళు తాగి మిగతాది చదవండి. నిడదవోలు బ్రాంచిలో నా కుర్చీలోకి వేరే ఆఫీసరు వచ్చేశారు. నేను తాళ్ళరేవులో చిన్న గది అద్దెకి తీసుకున్నాను. కోరంగి మడ అడవి చూడ్డానికి వచ్చేవాళ్ళని పడవల్లో తిప్పే ఆడవాళ్ళ సంఘం ఒకటుంది. అందులో గైడుగా చేరాను. చెట్లనీ పిట్టల్నీ జంతువుల్నీ చూపించి వాటి సంగతులు చెప్పడం నా పని. వర్షాలు మొదలయ్యేదాకా చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. మీ అల్లుడుగారికి ముందే చెప్పాను. ఇంట్లో ఉన్నా నీ మనసు చెరువు గట్టు మీదే ఉంటుంది, వెళ్ళు అన్నారు. రైల్వేలో సెలవు దొరికినప్పుడల్లా ఆయనే ఇటు వస్తారు.

ఇది నిన్న పుట్టిన ఆలోచన కాదు. రొయ్యల చెరువుల అప్పుల కోసం తనిఖీకి వెళ్ళినప్పుడు నేను చెరువుని కాకుండా గట్టునే చూసేదాన్ని. ఒకసారి నీటికుక్క ఒకటి పిల్లలతో గట్టు దాటుతుంటే చూస్తూ నిలబడిపోయి, చెరువు కొలతలు తీసుకోకుండానే తిరిగొచ్చాను. మేనేజరుగారు గట్టిగా చివాట్లు పెట్టారు. ఆ చివాట్లు తింటున్నంతసేపూ నాకు ఆ పిల్లలే కళ్ళముందు ఆడుతున్నాయి. ఇంక ఈ కుర్చీ నాది కాదని ఆ రోజే తెలిసింది. అదీగాక, చూసినవన్నీ రాయాలని కూడా ఉంది.

దీనికంతటికీ కారణం మీరే. నాన్న పోయాక నన్ను పెంచింది మీరు. మనం కోనసీమలో ఉన్నప్పుడు పౌరోహిత్యానికి ఊళ్ళు తిరుగుతూ, సైకిలు ముందుకడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని, కాలవగట్టున కనబడిన ప్రతి పిట్టనీ పేరు పెట్టి చూపించింది మీరు. లకుముకిపిట్ట కనబడితే ముహూర్తం దాటిపోతున్నా సైకిలు ఆపేవారు. అందుకే ముందుగా మీ ఆశీర్వాదం కావాలి.

మీ
ఉమాశ్రీ


పిఠాపురం,
కార్తిక శుద్ధ ఏకాదశి.

చి.ల.సౌ. ఉమాశ్రీకి మార్కండేయులు ఆశీస్సులు. ఇది అలవాటు కొద్దీ రాసిన ఆశీస్సు. కోపం తగ్గిందనుకోకు.

మంచినీళ్ళు తాగి చదవమన్నావు. చెంబు ఖాళీ అయింది గానీ కబురు మారలేదు. నీకు ఆఫీసరు పదవి వచ్చిననాడు ఆ బ్రాంచిలో లక్ష్మీపూజ చేయించింది నేను. పెళ్ళిళ్ళలో ఎవరైనా మీ అమ్మాయి ఏం చేస్తోందండీ అని అడిగితే, బ్యాంకు ఆఫీసరండీ అని చెప్పి కాస్త ఆగేవాణ్ణి. వినపడనివాళ్ళు ఇంకోసారి అడుగుతారని నా ఆశ. ఇప్పుడు ఏం చెప్పమంటావు? మా అమ్మాయి బురదలో పడవెక్కి కొంగల్ని చూపిస్తోందండీ అని చెప్పనా? కూర్చున్న కొమ్మని నరుక్కుంటే పిట్టకి రెక్కలుంటాయి. నీకేమున్నాయమ్మా?

పైగా సైకిలు మీద తిప్పినందుకు నన్ను దోషిని చేస్తున్నావు. అప్పట్లో ఆ ఊళ్ళకి బస్సుల్లేక తిప్పాను. పిట్ట కనబడితే ఆపానంటే, ఆయాసం వచ్చి ఆపాను.

నువ్వు రాసింది నేను పైకి చదువుతుంటే మీ పెద్దమ్మ మూతి బిగించి నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఉసిరికాయ పచ్చడి సీసా కట్టి పంపుతోంది. దాంతో నాకు సంబంధం లేదు. ఎండలో పడవ మీద గొడుగు వేసుకో. ఇది మాత్రం నేను చెబుతున్నాను.

మార్కండేయులు


తాళ్ళరేవు,
డిసెంబరు 17.

పెదనాన్నగారికి,

పచ్చడి అందింది. గొడుగు వేసుకుంటున్నాను. సంబంధం లేనివాళ్ళకీ ఉన్నవాళ్ళకీ కూడా నమస్కారాలు.

మా సంఘానికి పెద్ద రెబెక్కాగారు. పడవల్నీ ఆవిడే నడుపుతారు, మమ్మల్నీ ఆవిడే నడుపుతారు. అడవిలో గట్టిగా మాట్లాడకూడదని బోర్డు రాయించింది ఆవిడ. ఆ బోర్డు పక్కన నిలబడి ఆవిడ ఒక్క కేక వేస్తే అవతలి పాయలో కొంగలు లేచిపోతాయి. నా మొదటి రోజున కాకినాడ నుంచి ఒక కుటుంబం వచ్చింది. మడచెట్టు ఉప్పునీళ్ళలో ఎలా బతుకుతుందో, ఊపిరి కోసం వేళ్ళని బురదలోంచి పైకి ఎలా పంపుతుందో, నాకు తెలిసిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. వాళ్ళ అమ్మాయి నిద్రపోయింది. దిగాక రెబెక్కాగారు నన్ను పక్కకి పిలిచారు.

"చెప్పేది బానే ఉందండి ఉమగారూ. కానీ లోను మంజూరు చేస్తున్నట్టు ఉందండి" అన్నారు.

ఆ మాట నాకు మేలు చేసింది. ఇప్పుడు ముందు చూపిస్తున్నాను, అడిగితేనే చెబుతున్నాను. బురద మీద గెంతే చేపని చూసి, చేపకి కాళ్ళొచ్చాయా అని అడగని మనిషి ఇంతవరకూ నాకు కనబడలేదు. అడిగాక చెబితే చివరిదాకా వింటారు. సాయంత్రం గదికి వచ్చేసరికి కాళ్ళు లాగేస్తున్నాయి, ముఖం నల్లబడింది, కానీ పొద్దున్నే లేవడానికి నన్ను ఎవరూ పిలవక్కర్లేదు.

ఇంకో సంగతి. ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో నెలకో వ్యాసం రాయమన్నారు. మొదటిది అచ్చయింది. కత్తిరించి ఇందులో పెట్టాను. కోపం ఉంటే ఉండనివ్వండి గానీ నా తెలుగు ఎలా ఉందో చూసి చెప్పండి. నాకు వేరే గురువు లేరు.

ఉమాశ్రీ


పిఠాపురం,
పుష్య బహుళ విదియ.

చి.ల.సౌ. ఉమాశ్రీకి,

వ్యాసం చదివాను. మీ పెద్దమ్మకి చదివి వినిపించాను. పాలబ్బాయికి కూడా వినిపించాను, వాడు నిలబడ్డాడు కాబట్టి. భాష శుభ్రంగా ఉంది. నీ వాక్యం నడుస్తుంది, కుంటదు. ఇది మెప్పుకోలు కాదు, ఉన్నమాట.

కానీ ఒక లోపం ఉంది. ఒకానొక పాయలో అంటావు, ఏదో చెట్టు కింద అంటావు, ఎక్కడో దూరంగా అంటావు. ఏ పాయ? ఏ చెట్టు? మనిషి ఇంట్లో చిన్న వ్రతం చేసుకున్నా ముందు సంకల్పం చెప్పిస్తాం కదా. శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ, ఏ ఊళ్ళో, ఎవరి ఇంట్లో కూర్చున్నామో చెప్పుకున్నాకే పువ్వు వేస్తాం. నీ దగ్గరికి నిడదవోలు వచ్చినప్పుడు కృష్ణా గోదావరుల మధ్య అని చెప్పేవాణ్ణి. ఇక్కడైతే గంగా గోదావరుల మధ్య అంటాను. రాజమండ్రిలో రైలు వంతెన దాటుతుండగానే నోట్లో మార్చుకునేవాణ్ణి. చోటు చెప్పని పూజ ఎవరికి అందుతుంది? రాతైనా అంతే. చదివినవాడు లేచి నేరుగా అక్కడికి నడిచి వెళ్ళేటట్టు ఉండాలి. ఈసారి చోటు చెప్పి రాయి.

ఉద్యోగం సంగతి నేనింకా ఒప్పుకోలేదు. ఇది కేవలం తెలుగు గురించి.

మార్కండేయులు

తా.క. లకుముకిపిట్ట గురించి రాసిన చోట దాని మెడ కింద తెలుపు సంగతి మరిచిపోయావు. సైకిలు మీంచి నేను చూపించాను.


తాళ్ళరేవు,
ఫిబ్రవరి 20.

పెదనాన్నగారికి,

ఈ ఉత్తరం సంతోషంతో రాస్తున్నాను. బావురుపిల్లిని చూశాను.

ఇంటిపిల్లికి రెండింతలుంటుంది. ఒంటినిండా నల్లని చుక్కలు, పొట్టి తోక. పిల్లి జాతిలో పుట్టి కూడా దీనికి నీళ్ళంటే భయం లేదు. చేపలు పట్టుకుని బతుకుతుంది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకే ఎప్పుడో గానీ కనబడదు. మేం ఉదయం పాటు సమయంలో, నీరు బాగా తీసేశాక తిల్లపాయలోకి వెళ్ళాం. పాడుబడిన సున్నపుబట్టీ వెనక అది నీటి అంచున కూర్చుని ఉంది. ముందరి పాదంతో నీటి మీద మెల్లగా తట్టింది, పురుగేదో పడిందని చేప పైకి వచ్చేట్టు. చేప వచ్చింది. దాన్ని కరుచుకుని మూడు తెల్లమడలు కలిసి పెరిగిన చోట పొదలోకి దూరింది. లోపల్నుంచి సన్నగా కూతలు వినిపించాయి. రెండు పిల్లలు. గుప్పెడంత ఉన్నాయి, ఇంకా సరిగ్గా నడవలేవు. రెబెక్కాగారు తెడ్డు పైకెత్తి అలాగే ఉండిపోయారు. ఆవిడ మాట్లాడకుండా అంతసేపు ఉండడం నేను అదే చూడ్డం.

వ్యాసం రాసేటప్పుడు మీ మాటే తలుచుకున్నాను. తిల్లపాయ, సున్నపుబట్టీ, మూడు తెల్లమడలు, అన్నీ చెప్పి సంకల్పంలా రాశాను. పత్రికవాళ్ళు 'సున్నపుబట్టీ దగ్గర బావురుపిల్లి' అని పేరు పెట్టి సగం పేజీ ఇచ్చారు. ఇంతకుముందు రాసినదానికీ దీనికీ ఎంత తేడా ఉందో మీరే చూడండి. రెబెక్కాగారు కాకినాడ వెళ్ళి దాన్ని లామినేషన్ చేయించి టికెట్లిచ్చే చోట వేలాడదీశారు. అందులో ఆవిడ పేరు కూడా ఉంది లెండి.

మీరు లేకపోతే నాకు ఈ రాత లేదు పెదనాన్నగారూ. ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

ఉమాశ్రీ


పిఠాపురం,
ఫాల్గుణ శుద్ధ పాడ్యమి.

చి.ల.సౌ. ఉమకి,

చదువుతుంటే నా పంచె అంచు తడిసినట్టే అనిపించింది. మడచెట్లు ఎక్కడున్నాయో, ఎండ ఎటు నుంచి పడుతోందో కనబడింది. ఇదీ రాయడమంటే.

మొన్న ఒక ఉపనయనంలో, మీ అమ్మాయి ఏ బ్రాంచిలో ఉందండీ అని నా కాగితం మీద రాసి అడిగారు. మా అమ్మాయి ఇప్పుడు అడవి గైడండీ, పత్రికలకి రాస్తుంది కూడా అన్నాను. అని కాస్త ఆగాను. వాళ్ళు మళ్ళీ అడిగారు. సంచిలో కత్తిరించిన కాగితం ఉంది, చూపించాను.

ఒప్పుకున్నానమ్మా. ఆశీర్వాదం ఈసారి మనసారా ఇస్తున్నాను.

పిల్లలు ఎలా ఉన్నాయి? నడుస్తున్నాయా? తల్లి చేపలు తెచ్చి పెడుతోందా? మీ పెద్దమ్మ రోజూ అడుగుతోంది. వెంటనే రాయి.

మార్కండేయులు


తాళ్ళరేవు,
మార్చి 26.

పెదనాన్నగారికి,

మీ ఆశీర్వాదం అందింది. కళ్ళకద్దుకున్నాను. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి.

ఇక్కడ ఎండలు ముదిరాయి. వలస వచ్చిన పిట్టలు చాలామటుకు వెళ్ళిపోయాయి. మీ అల్లుడుగారు పోయిన ఆదివారం వచ్చారు, పులిహోర చేసుకుని తెచ్చారు. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? మీరు ఎండలో ఊళ్ళు తిరగడం తగ్గించండి.

ఈ నెల వ్యాసం రాయలేదు. పని ఎక్కువగా ఉంది.

ఉమాశ్రీ


పిఠాపురం,
చైత్ర శుద్ధ చవితి.

ఉమాశ్రీకి,

పిల్లల గురించి అడిగాను. పులిహోర గురించి రాశావు. నాకు చెవులు పోయాయి గానీ కళ్ళు ఉన్నాయి.

నిన్న కాకినాడలో గృహప్రవేశం చేయించాను. భోజనాల దగ్గర ఇంటాయన బావమరిది నా పక్కన కూర్చుని, వినపడదని ఎవరో చెబితే ఫోను తీసి బొమ్మలు చూపించాడు. తిల్లపాయ, సున్నపుబట్టీ, మూడు తెల్లమడలు. మీ అమ్మాయి రాసిన గుర్తులు పట్టుకుని నేరుగా వెళ్ళిపోయామండీ, ఎవర్నీ దారి అడగక్కర్లేకపోయింది అని నా కాగితం మీద రాసి చూపించాడు. నా రొమ్ము ఉప్పొంగింది. పిల్లి బొమ్మ చూపించు బాబూ అన్నాను. పిల్లి లేదండీ, మేం వెళ్ళేసరికే ఎవరో తోలేశారు, జనం తిరునాళ్ళలా ఉన్నారు అని రాశాడు.

విస్తట్లో అన్నం అలాగే వదిలేసి లేచాను. చదివినవాడు లేచి నేరుగా నడిచి వెళ్ళాలని రాసింది ఎవరు? నేను.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. నేను బాధపడతానని దాచావా? దాచి ఇంకా బాధపెట్టావు. నాకు కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియడం లేదు.

మార్కండేయులు


తాళ్ళరేవు,
ఏప్రిల్ 19.

పెదనాన్నగారికి,

క్షమించండి. నా పని గురించి మీరు నలుగురిలో గర్వంగా చెప్పుకున్నానని రాసిన ఉత్తరం, పొద ఖాళీ అయిన వారంలోనే వచ్చింది. దాన్ని చదివాక మీకు నిజం రాయడానికి చెయ్యి రాలేదు.

వ్యాసం వచ్చిన దగ్గర్నుంచీ జనం. మా పడవలు చాలక చేపల పడవలు మాట్లాడుకుని సొంతంగా వెళ్ళారు. లామినేషన్ చేసిన కాగితాన్ని ఫోనుల్లో ఫోటో తీసుకుని మరీ వెళ్ళారు. బొమ్మకి అడ్డమని ఒకరు కొమ్మలు విరిచారు. పిల్లి బయటికి వస్తుందని ఇంకొకరు పొద ముందు చేపలు పారేశారు. పిల్లి రాలేదు, ఊరకుక్కలు వచ్చాయి, నీరు తీసిన బురదలో నడుచుకుంటూ. మేం వెళ్ళేసరికి పొద తొక్కేసి ఉంది. తల్లి లేదు, పిల్లలు లేవు. తల్లే నోట కరుచుకుని తీసుకెళ్ళిందో, కుక్కల నోట పడ్డాయో ఎవరికీ తెలియదు. ఆ పాయలోకి ఇప్పుడు పడవల్ని వెళ్ళనివ్వడం లేదు.

గట్టు మీదికి వచ్చాక రెబెక్కాగారు నాతో, రేపట్నుంచి మీరు పడవెక్కకండి అన్నారు. నేను తలొంచుకున్నాను. ఆవిడ టికెట్ల దగ్గరికి వెళ్ళి ఆ కాగితాన్ని తీసేశారు. తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నారు.

"దీన్ని కట్టింది నేనండి. నేనూ ఎక్కను" అన్నారు.

అప్పట్నుంచి ఇద్దరం గట్టు మీదే ఉంటున్నాం. పడవలకి రంగులు వేస్తున్నాం, లైఫ్ జాకెట్లు కుడుతున్నాం.

ఇక్కడితో ఆపితే మళ్ళీ దాచినదాన్ని అవుతాను. పత్రికవాళ్ళు నీటికుక్కల గురించి రాయమంటున్నారు, ఈసారి మ్యాపుతో సహా. నేను జవాబివ్వలేదు. నిడదవోల్లో ఒక ఫైనాన్సు కంపెనీవాళ్ళు వచ్చి చేరమని అడిగారు. వర్షాలు పడేలోపు చెప్పమన్నారు. వెళ్దామనే అనుకుంటున్నాను. ప్రేమించినదాన్ని నా చేత్తో నేనే పోగొట్టాను. ఇంక చూపించడానికీ రాయడానికీ నాకు ధైర్యం లేదు.

మీ మాట తప్పని మాత్రం నేనెప్పుడూ అనుకోలేదు. మీరు చెప్పబట్టే నేను రాయడం నేర్చుకున్నాను.

ఉమాశ్రీ


పిఠాపురం,
వైశాఖ శుద్ధ తదియ.

చి.ల.సౌ. ఉమకి,

నువ్వు నన్ను వెనకేసుకొస్తున్నావు. అక్కర్లేదు. తప్పు నాదే, ఎక్కడ జరిగిందో కూడా దొరికింది. విను.

సంకల్పం మనం ఎవరికి చెబుతాం? దేవుడికి. ఊరికి మైకు పెట్టి చెప్పం. చెవులు పోయాక ఎదుట ఎవరున్నారో చూసుకోకుండా మాట్లాడడం నాకు అలవాటైంది. దేవుడికి చెప్పాల్సిన మాటని పత్రికలో చెప్పమన్నాను. వయసొచ్చినంత మాత్రాన బుద్ధి రావాలని లేదు.

నీ ఉత్తరం వచ్చిననాడు మా వీధి శివాలయంలో దీపం పెట్టి గర్భాలయం ముందు కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా ఆ తలుపు తీసి మూసేవాణ్ణి నేనే. మూలవిరాట్టుని ఎన్నడైనా బయటికి తెచ్చానా? ఎవరైనా తెమ్మన్నారా? కల్యాణానికి పల్లకీ ఎక్కి వీధుల్లోకి వచ్చేది ఉత్సవ విగ్రహాలు. అరుగు దిగలేని మా ఎదురింటి ముసలమ్మ అక్కడి నుంచే చూసి దండం పెట్టుకుంటుంది. నేను గుడిలోకి రాలేకపోయానే అని ఆవిడ ఏనాడూ ఏడవలేదు. ఆవిడకి అందాల్సింది అందుతోంది. మూలవిరాట్టు కదలకుండా లోపల ఉంది కాబట్టే బయటికి పల్లకీ వస్తోంది.

నీ పనీ అంతేనమ్మా. పిల్లి చేపని ఎలా పట్టిందో రాయి. నీటి మీద పాదంతో ఎలా తట్టిందో రాయి. చదివినవాడు తన అరుగు మీద కూర్చునే దండం పెట్టుకోవాలి. తలుపు ఎక్కడుందో నీ దగ్గరే ఉంచుకో. మ్యాపు అడిగిన ఆ పెద్దమనిషికి నువ్వే జవాబు రాయి, మర్యాదగా, రెండో మాట లేకుండా.

ఫైనాన్సు కంపెనీకి వెళ్ళకు. ఉద్యోగం మానేసినప్పుడు వద్దన్నది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. నవ్వుకో. తప్పు చేసినవాళ్ళు తలుపు దగ్గర్నుంచి లేచి పోతే, ఆ తర్వాత తలుపు కాసేదెవరు?

పిల్లల గురించి మీ పెద్దమ్మ ఒక మాట చెప్పమంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, ఆ తల్లి ఇంకో ఇల్లు చూసుకునే ఉంటుందట. ఆ మాట అనేసి దేవుడి గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

మార్కండేయులు


తాళ్ళరేవు,
జూలై 30.

పెదనాన్నగారికి, పెద్దమ్మకి,

మీ ఉత్తరాన్ని రెబెక్కాగారికి చదివి వినిపించాను. ఆవిడ చర్చిలో పాటలు పాడే మనిషి. మూలవిరాట్టు అంటే ఏంటండీ అని అడిగి చెప్పించుకున్నారు. అంతా విని, మీ పెదనాన్నగారు మా పడవలో ఉండాల్సిన మనిషండీ అన్నారు. మర్నాడు పొద్దున్నే నా గది తలుపు కొట్టి, గొడుగు తెచ్చుకోండి, వెళ్దాం అన్నారు.

ఫైనాన్సు కంపెనీకి రానని చెప్పేశాను. మ్యాపు ఇవ్వనని పత్రికకి రాశాను. వాళ్ళు ఇంక అడగరేమో అనుకున్నాను. మ్యాపు లేకుండానే పంపమన్నారు. నీటి మీద పాదంతో తట్టే ఆ తల్లి గురించి రాశాను, పాయ పేరు లేకుండా, చెట్టు గుర్తు లేకుండా. తుని నుంచి ఒకావిడ ఉత్తరం రాశారు. మంచం దిగలేని వాళ్ళమ్మకి చదివి వినిపిస్తే, చేప దొరికిందా లేదా అని ఆ తల్లి రెండు రోజులు అడుగుతూనే ఉందట. మీ ఎదురింటి ముసలమ్మగారు గుర్తొచ్చారు.

ఇంక అసలు సంగతి. మొన్న వాన వెలిసాక నలుగురు యాత్రికులతో వెళ్తున్నాం. ఒక మలుపు దగ్గర తడి బురద మీద అడుగుల జాడలు కనబడ్డాయి. పెద్దవి, వాటికి రెండు పక్కలా చిన్నవి. నేను రెబెక్కాగారి వంక చూశాను. ఆవిడ అప్పటికే అటే చూస్తున్నారు. కాస్త ముందుకి వెళ్ళాక ఆకుల సందులోంచి మూడు తలలు. రెండు పిల్లలూ ఉన్నాయి పెదనాన్నగారూ. ఎదిగాయి. ఒకటి నీటిలోకి పాదం పెట్టి, చల్లగా ఉందని వెనక్కి తీసేసుకుంది.

ఏం చూస్తున్నారండీ అని ఒక యాత్రికుడు అడిగాడు. రెబెక్కాగారు అవతలి గట్టు మీద ఎర్రపీతల్ని చూపించారు. అందరూ అటు తిరిగారు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేనొక్కదాన్నే చూశాను. నేను గొడుగు అడ్డం పెట్టుకున్నాను.

పెద్దమ్మకి చెప్పండి, ఏడిళ్ళలో ఇది ఎన్నోదో తెలియదు గానీ ఇల్లు బాగుంది. సంఘంవాళ్ళు నన్ను ఉంచేసుకున్నారు. నేను ఇక్కడ ఉన్నానంటే మీ ఇద్దరి వల్లే. పిట్టల పేర్లు నేర్పినందుకు, కోప్పడినందుకు, నా తప్పుని మీ తప్పుగా చేసుకుని నన్ను మళ్ళీ పడవెక్కించినందుకు, మీ కాళ్ళకి నమస్కారం.

ఆ మలుపు ఎక్కడో మీకు కూడా చెప్పను.

ఉమాశ్రీ


(ఊరు రాయడం లేదు)
శ్రావణ బహుళ పంచమి.

చి.ల.సౌ. ఉమకి మనసారా ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మీ పెద్దమ్మ పరమాన్నం వండింది. పిల్లి పిల్లలకి పరమాన్నం ఏంటే అంటే, నాకు తినాలనిపించింది అంది. రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

పైన ఊరు పేరు లేదేమని చూస్తున్నావా? కారణం ఉంది. మా గుడిలో నంది వాహనం పెట్టే గది నీకు తెలుసు. కల్యాణానికి తప్ప తీయం. మొన్న వాహనం దుమ్ము దులుపుదామని తలుపు తీస్తే, నంది వెనక గూట్లో తెల్లటి గుడ్లగూబ. గుండ్రని ముఖం, ఎవరో చందనం పూసినట్టుంది. పక్కన దూదిలాంటి పిల్లలు. నన్ను చూసి బుసకొట్టాయట. నాకు వినపడలేదు, వెనక నిలబడ్డ మీ పెద్దమ్మ చెప్పింది. వినపడకపోబట్టి నేను బెదరలేదు, చాలాసేపు చూశాను.

గుడ్లగూబ అరిస్తే చావు కబురని మా వీధిలో నమ్మకం. తెలిస్తే కర్రలు పట్టుకొస్తారు. పోయిన ఏడాదైతే ఆ కర్ర పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉండేవాణ్ణి. నీ ఉత్తరాలు చదివాక ఆ పని నా వల్ల కాలేదు. గది తాళం బిగుసుకుపోయిందని అందరికీ చెప్పాను. శివాలయంలో అబద్ధమాడానని స్వామికి కూడా చెప్పుకున్నాను. ఈ ఉత్తరం ఎవరి చేతికైనా చిక్కితే కష్టమని ఊరు రాయలేదు. కవరు మీద పోస్టు ముద్రలో కూడా ఊరు తెలియకూడదని సామర్లకోట వెళ్ళి పోస్టు చేస్తున్నాను. మీ పెద్దమ్మ నవ్వుతోంది, నవ్వనీ.

ఈ వయసులో నాకు కొత్తగా చూడ్డం నేర్పావమ్మా. చిన్నప్పుడు సైకిలు ఆయాసం వచ్చి ఆపానని రాశాను కదా. అది అబద్ధం. నీకు చూపించాలనే ఆపేవాణ్ణి.

పొద్దున్న సంకల్పంలో మాత్రం చోటు పూర్తిగా చెప్పాను. ఊరు, వీధి, గుడి, గది, నంది వెనక గూడు. ఆ పిల్లలు ఎగిరేదాకా చల్లగా చూడమని అడిగాను. ఆయన ఎవరికీ చెప్పడు.

పిల్లలు ఎగిరిపోయేలోపు ఒకసారి రా. తాళం నేనే తీస్తాను. ముందు నేను చూపిస్తాను, నువ్వు ఏమైనా అడిగితేనే చెబుతాను.

మీ పెదనాన్న